మేడం అడిగిన వేళ్ళు

మూసీ పొంగి నాగోల్ కాలనీలల్ల పడవలు తిరిగిన ఏడాది అది. అందరు దాన్ని కరోనా ఏడాది అంటరు. మా ఇంట్ల మాత్రం నీళ్ళ ఏడాదే. కరోనా మా గడప తొక్కలేదు. నీళ్ళు తొక్కినయి. ఒక రాత్రి ఉండి పోయినయి. జొన్నపిండి డబ్బా అటక మీద ఉండబట్టి దక్కింది.

మాది ఉప్పల్‌ల ఒక అర్ర ఇల్లు, కిరాయిది. పక్కన మెట్లెక్కితె డాబా. నా భార్య ఉప్పలమ్మ సాయంత్రం పూట మెట్రో స్తంభం పక్కన జొన్నరొట్టెలు జేసి అమ్ముతది. నేను నాచారంల అనంతలక్ష్మి మేడం దవాఖానా తలుపు కాడ కూసుంట. మేడం చర్మం డాక్టరు. అంతకు ముందు దారం మిల్లుల పనిజేసిన. మిల్లు మూతపడ్డంక మేడం కాడ చేరిన. పేర్లు పిలుసుడు, చీటీ అందుకునుడు, కిటికీ తెర జరుపుడు, ఇదే పని. ఎక్కువ మాటలు అక్కెర లేదు. నాకు కుదిరింది.

కిటికీ తెర జరుపుడంటె ఆడ చిన్న పని కాదు. మేడం బల్ల కిటికీ కానుకొని ఉంటది. పేషెంటు కూసోంగనే ట్యూబులైటు బందు జెయ్యాలె, తెర జరపాలె. ఎండ మబ్బులకు పోతె ఆగుతది. ఎండ వచ్చినంక చూస్తది. చూసినంక ముడుతది. తోలు సాగదీస్తది, గోటితోని గీరుతది, కండ్లు మూసుకొని వేళ్ళతోని తడుముతది. ఎవరన్న తొందరపెడితె ఒకటే మాట అంటది. "సగం కళ్ళతో చూస్తాను, సగం వేళ్ళతో. సగం పని చేసి ఫీజు మొత్తం తీసుకోలేను."

ఒకనాడు మెడల కంపెనీ కార్డుల పట్టీలేసుకున్న పిల్లలిద్దరు వచ్చిన్రు. ఏదో యాప్ కంపెనీ. పట్నంల చర్మం డాక్టర్లు సగం మంది ఫోన్లనే చూస్తున్నరని, గుండె డాక్టరుకు కష్టం గని చర్మం బయటనే ఉంటది, ఫోటోల పడుతదని, మేడం ఇంట్ల కూసొని చూడొచ్చని మస్తు చెప్పిన్రు. మేడం ఛాయ్ పోయించింది. ఒకడి అరచెయ్యి ఇద్దరి ఫోన్లల్ల ఫోటో తీయమన్నది. ఒక ఫోన్ల చెయ్యి ఎర్రగ వచ్చింది. ఇంకో ఫోన్ల పచ్చకామెర్లు వచ్చినట్టు వచ్చింది. ఇందులో మీ చెయ్యి ఏది నాయనా అని అడిగింది. వాళ్ళు నవ్విన్రు, ఛాయ్ తాగిన్రు, పోయిన్రు.

కరోనా వచ్చినంక పరిస్థితి మారింది. మేడంకు అంతకు ముందే గుండెకు స్టెంటు ఏసిన్రు. తార్నాకల ఇల్లు దాటి బయటికి ఇంట్లోళ్ళు రానిచ్చేటోళ్ళు కాదు. మొదట్ల దవాఖానా ఒకనాడు తెరుసుడు, నాలుగు నాళ్ళు మూసుడు, తర్వాత అదీ లేదు. మా పక్కనే మందుల కొట్టు రంజిత్‌ది. పేషెంట్లు వాని మీద పడ్డరు. వాడు గజ్జికి ఒక ట్యూబు, తామరకు ఒక ట్యూబు ఇచ్చుకుంట పోయిండు. మేడంకు తెలిసి ఫోన్ల బాగ తిట్టింది. వాడు తిట్లన్ని విని, అయితె మీరే చూడుండ్రి మేడం, నేను ఫోన్ పట్టుకుంట, మీరు చెప్పుండ్రి అన్నడు. మేడం వద్దన్నది. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పలేనన్నది. ఆ మాట ఎన్ని తీర్ల తిప్పి అడిగినా అదే.

అట్ల ఉన్నప్పుడు వాన వచ్చింది. బతుకమ్మ పండుగ ఇగ వచ్చే ముంగట. దవాఖానా ఉన్న గల్లీ చెరువు దిక్కు పల్లంల ఉంటది. నేను నడుసుకుంట పోయి చూసిన. కుర్చీలు తేలి తలుపు కాడికి వచ్చి నిలబడ్డయి, నా లెక్కనే. పేషెంట్లు పండే మంచం పరుపు నీళ్ళు తాగి ఉబ్బింది. తెర కింది సగం బురద రంగు. ఆడ నిలబడే మేడంకు ఫోన్ జేసి చెప్పిన. అంతా విని, కిటికీ అద్దం పగిలిందా అని అడిగింది. లేదన్న. అయితే సరే అన్నది.

నీళ్ళు తీసినంక ఉప్పలమ్మ మళ్ళ పెనం పెట్టింది. ఆ దినం నాకు పని లేక నేను గూడ పోయి పక్కన కూసున్న. రొట్టె చేతితోనే కొడుతది, చేతితోనే తిప్పుతది. నీళ్ళ గుడ్డ అద్ది, అంచు పట్టి, ఒక్క తీరుగ తిప్పేస్తది. అట్లకాడ ముట్టదు. అట్లకాడతోని తిప్పేటిది రొట్టె కాదు, అట్టు అంటది.

మెట్రోల పనిజేసే మనిషి ఒకాయన రొట్టె కోసం నిలబడ్డడు. కాలుతున్న వాసన వచ్చింది. రొట్టె మాడుతుందనుకున్న. ఆయన వంగి, "అవ్వా, చెయ్యి" అన్నడు.

ఉప్పలమ్మ ఎడమ చెయ్యి పెనం అంచుకు ఆని ఉంది. చిటికెన వేలు దిక్కు, మణికట్టు కాడ. ఆమె ఆయన దిక్కు చూసి, ఏ చెయ్యి అన్నది. అప్పుడు నేనే ఆ చెయ్యి పట్టి లేపిన. తోలు ఊడి వచ్చింది. ఆమె మొకంల నొప్పి లేదు. చెయ్యి దిక్కు ఎవరిదో చూసినట్టు చూసింది. రొట్టె తిప్పి, ఆయనకు కాగితంల చుట్టి ఇచ్చి, పెనం దించింది.

ఆ చెయ్యి మీద మచ్చ ఉన్న ముచ్చట నాకు ఎరుకనే. కొన్ని నెలలాయె, తెల్లగ కాదు, తెల్ల కాబోయే రంగు. సిబ్బెం, ఉత్త శోభి మచ్చ అన్నది, నేను అవునన్న. జాకెట్టు చేతులు పొడుగు కుట్టించుకున్నది. అంతవరకే.

పెనం సర్దుకొని ఇంటికి వచ్చినం. మేడం కాడ కొందరి కండ్లు మూయించి దూదితోని ముట్టి, ఎక్కడ ముట్టానో చూపించు అని అడుగుడు నేను తలుపు కాడ కూసొని చూసిందే. ఆ కొందరు ఎవరో గూడ ఎరుకనే. ఉప్పలమ్మకు నేను చెప్పలె. ఆమెనే అన్నది. చిన్నప్పుడు వాళ్ళ ఊర్ల ఒకామెకు గిట్లనే పొయ్యిల చెయ్యి కాలితె తెలియలేదట. ఆమెకు చెరుకు తోట అవతల గుడిసె ఏసి ఇచ్చిన్రట. అన్నం గిన్నె దూరం పెట్టి కేక ఏసి పోయేటోళ్ళట.

"పెద్దరోగమేనా అయ్యా?" అని అడిగింది.

తెలియదన్న. మేడంను అడుగుదామన్న.

బస్తీ దవాఖానాకు పోదామంటె వద్దన్నది. ఆడ పనిజేసే ఆమె మా గల్లీల ఉంటది. పొద్దుగాల చూపిస్తె సాయంత్రానికి గల్లీ అంతకు తెలుస్తది. పెద్ద దవాఖానాలల్ల కరోనా. నా చేతి రొట్టె తినేటోళ్ళు రేపటి నుంచి తినకపోతె నేను ఎందుకు ఉన్నట్టు అన్నది. మేడం చూస్తె చూపించుకుంట, లేకుంటె ఎవరికీ చూపించ అన్నది. ఆమె ఒకసారి అన్నదంటె అంతే.

నా కాడ ఉన్నది మీటల ఫోను. మేడంకు జేసి, చెయ్యి కాలిన సంగతి, మచ్చ సంగతి చెప్పిన. రేపే ఎవరికన్న చూపించండి, నేను చిట్టీ రాసి పంపిస్తాను అన్నది మేడం. వేరే ఎవరి కాడికీ ఆమె పోదు మేడం అన్న. దవాఖానా బురదల ఉంది, నేను బయటికి రాకూడదు కదా హన్మయ్యా అన్నది. ఫోన్ల చూడుండ్రి మేడం అన్న.

"ఫోన్లో నేను చూడనని మీకు తెలుసు కదా. ఎంతమందికి చెప్పానో మీ ఎదురుగానే చెప్పాను."

నేనేమీ అనలె. ఫోను పెట్టెయ్యలె. మేడం గూడ పెట్టెయ్యలె. ఇన్నేండ్లల్ల నేను మేడంను ఏదీ అడిగింది లేదు. జీతం పెంచమని గూడ అడగలె. ఆ ముచ్చట ఇద్దరికీ ఎరుకే. గల్లీల బండ్లు పోతున్నయి, అవి ఆమెకు వినపడుతనే ఉంటయి.

శానసేపటికి, "ముందు ఫోటో పంపించండి. పొద్దున, ఎండ వచ్చాక" అన్నది.

తెల్లారి రంజిత్ కొట్టు తెరువ పోయే ముంగట బండి మీద మా ఇంటికి వచ్చిండు. వానికి చెయ్యి కాలిందని, మచ్చ ఉందని మాత్రమే చెప్పిన. డాబా మీదికి పోయినంక వాడు నన్ను చూసిండు, నేను వాన్ని చూసిన. ఉప్పలమ్మ తలంటు పోసుకొని, సర్కారోళ్ళు పండుగకు ఇచ్చిన కొత్త చీర కట్టుకొని, మొకానికి పౌడరు, పెద్ద బొట్టు పెట్టుకొని నిలబడ్డది. చేతులకు కొబ్బరినూనె పూసి మెరిపించింది. ఫోటో అంటె ఆమెకు మా పెండ్లైన కొత్తల జనగాంల స్టూడియోల తీసినదే ఎరుక. అట్లనే గదుమ లేపి నిలబడ్డది.

"అత్తా, చెయ్యి చూపియ్యి" అన్నడు వాడు.

ఆమె చెయ్యి జర బయట పెట్టి, వాడు నొక్కంగనే మళ్ళ కొంగు కింద పెట్టింది. ఫోటో పోయింది. కొంచెంసేపటికి మేడం ఫోను వచ్చింది. రంజిత్ నా చేతికిచ్చిండు.

"ఫోటో చాలా బాగుంది హన్మయ్యా. ఫ్రేము కట్టించండి. మచ్చ మాత్రం కనిపించలేదు."

ఉప్పలమ్మ ఆ మాట విని నవ్వింది. చెయ్యి కాలినప్పటి సంది నవ్వుడు అదే మొదలు. మేడం ఇంక కొన్ని మాటలు చెప్పింది. నూనె సబ్బుతో కడిగెయ్యాలె. పౌడరు, పసుపు ఏమీ ఉండొద్దు. ఎండ చెయ్యి మీద పడాలె, మొకం మీద కాదు. వీడియోల చూస్తనన్నది. ఆమె నోట్ల ఆ మాట విని రంజిత్ నోరు తెరిసిండు. ఏమీ అనకుమని చెయ్యి ఊపిన. వాడు ఫోను నా కాడనే ఇడిసిపెట్టి, నా కాడ ఇంకోటి ఉంది మామ, ఎర్ర గుర్తు మీద మాత్రం వేలు పెట్టకు అని చెప్పి పోయిండు.

డాబా మీద మేమిద్దరమే ఉన్నం. ఫోను జొన్నపిండి డబ్బాకు ఆనిచ్చి గోడ మీద పెట్టిన.

"ఆకాశం కనిపిస్తోంది. బాగుంది. కిందికి దించండి" అన్నది మేడం.

దించిన. ఇప్పుడు డబ్బా కనిపిస్తుందన్నది. ఇట్ల కొంచెంసేపు అయినంక మేడంకు చెయ్యి కనిపించింది. మబ్బు వచ్చింది, పోయేదాక ఆగుదాం అని తనే అన్నది. ఆగినం. మబ్బు పోయినంక మచ్చ మీద చెమట పడుతుందా అని ఉప్పలమ్మను అడిగింది. పెనం కాడ ఒళ్ళంత తడిసినా ఆడ పొడిగనే ఉంటదన్నది ఉప్పలమ్మ. నేను అన్నేండ్లు పక్కన ఉండి గూడ ఆ ముచ్చట ఎన్నడు ఎరుగ.

దూది ఉందా అని అడిగింది మేడం. దేవుని కాడ దీపం ఒత్తులు ఉన్నయి. ఒకటి తెచ్చిన. కొన పీకి, పురి ఇప్పి సన్నగ జేసుకొమ్మన్నది. ఉప్పలమ్మ కండ్లు మూసుకోవాలె. నేను ముట్టినప్పుడల్ల ముట్టింది అనాలె, ఎక్కడ ముట్టిననో రెండో చేతి వేలితోని చూపియ్యాలె.

ముందు కుడి చెయ్యి. ముట్టింది అన్నది, చూపించింది. ఇంకోచోట ముట్టిన. చూపించింది. తర్వాత ఎడమ చెయ్యి. మచ్చ మీద ఒత్తి కొన పెట్టిన. ముట్టింది అన్నది, సరిగ్గ చూపించింది. నాకు పాణం లేచివచ్చినట్టైంది. ఇంకోసారి ముట్టిన. మళ్ళ సరిగ్గనే చూపించింది.

మేడం ఉప్పలమ్మ మొకం చూపించమన్నది. ఫోను తిప్పిన. కొంగుతో కండ్లకు కట్టండి అన్నది. ఉప్పలమ్మ నసిగింది గని కట్టుకున్నది.

మళ్ళ ఒత్తి పట్టుకున్న. అప్పుడు ఫోన్ల మేడం చెయ్యి లేపి, వద్దు అన్నట్టు ఊపింది. నేను ముట్టకుండ పట్టుకొని కూసున్న. గాలి గూడ పీల్చలె.

"ముట్టింది" అన్నది ఉప్పలమ్మ.

మణికట్టు కాడ చూపించింది. నేను ఎక్కడా ముట్టలె. మేడం మళ్ళ వద్దన్నట్టు ఊపింది. "ముట్టింది" అన్నది ఉప్పలమ్మ. ఈసారి గొంతు చిన్నగైంది.

"అమ్మా, రెండుసార్లూ ముట్టలేదు" అన్నది మేడం. మెల్లగనే అన్నది.

ఉప్పలమ్మ కొంగు ఇప్పుకున్నది. ఫోను దిక్కు చూడలె, నా దిక్కు చూడలె. జొన్నపిండి డబ్బా దిక్కు చూసింది.

"ముట్టిందంటెనే కద మేడం, నేను రొట్టె జేసేది."

మేడం కోపం చెయ్యలె. అబద్ధం ఎందుకన్నరు అని అడగలె. నన్ను పిలిచింది. "హన్మయ్యా, ఇప్పుడు మీ వేళ్ళు నాకు కావాలి" అన్నది.

మేడం తన జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి ఫోనుకు దగ్గర పెట్టింది. లోపలి దిక్కు ఎముక పక్కన ఒక సందు ఉంటది. ఆడ వేలు పెట్టి, అటూ ఇటూ జరిపి చూపించింది. అట్లనే ఉప్పలమ్మ కుడి మోచెయ్యికి చూడుమన్నది, కండ్లు మూసుకొమ్మన్నది. మూసుకున్న. వేలు కింద సన్నగ ఏదో జారింది. ఎట్ల ఉంది అంటె, సన్న దారం అన్న. మిల్లుల వేళ్ళ మధ్య ఎన్నో దారాలు పోనిచ్చిన, గందుకే అదే మాట వచ్చింది. ఎడమ మోచెయ్యి చూడుమన్నది. చూసిన.

"ఇటు తాడు, మేడం" అన్న. "ముట్టితె ఆమెకు నొస్తుంది."

"ఇంకోసారి చూడండి. తొందరేం లేదు."

ఇంకోసారి చూసిన. తాడే.

మేడం కండ్లు మూసుకున్నది. చూసేది ఫోన్లనే అయినా, కిటికీ కాడ మూసుకున్నట్టే మూసుకున్నది. తర్వాత అడిగింది నేను అనుకోనిది. పెనం లేకుండనే, పెనం ఉన్నట్టు కూసొని, రొట్టె కొట్టి చూపించమన్నది ఉప్పలమ్మను. ఉప్పలమ్మ కొత్త చీరతోనే డాబా మీద కూసొని, ఉత్త గాలిలనే పిండి కొట్టింది, నీళ్ళ గుడ్డ అద్దింది, తిప్పింది. తిప్పేటప్పుడు ఎడమ చెయ్యి ఆసరాకు ఒకే తావుల పోయి ఆనింది. కాలిన తావు సరిగ్గ అదే.

"చూశారా. ప్రతి రొట్టెకూ అక్కడే ఆనుతోంది" అన్నది మేడం. "నా కిటికీ దగ్గర కూర్చోబెడితే ఇది నాకు ఎప్పటికీ కనిపించేది కాదు."

తర్వాత రోగం పేరు చెప్పింది. దాచకుండ, గొంతు తగ్గించకుండ, దగ్గు జలుబు చెప్పినట్టు కుష్ఠు అన్నది. మొదట్లనే ఉన్నట్టుంది, ఇప్పటికి అనుమానమే, గట్టి అనుమానం అన్నది. మందు ఉంది, నెలలు మింగాలె, మింగితె పోతది. పోయిన స్పర్శ కొంత రాకపోవచ్చు, కాని వేళ్ళు వంకర కాకుండ ఆపొచ్చు. ఆలస్యం చేయకుండ పట్టుకున్నం అన్నది. ఉప్పలమ్మ ఎక్కడికీ పోవాల్సిన పని లేదు, గుడిసె లేదు, దూరం గిన్నె లేదు అన్నది. ఆ చెరుకు తోట ముచ్చట నేను మేడంకు చెప్పలె. అసోంటివి ఎందరో చెప్పి ఉంటరు.

"మిగిలిన సగం నా వేళ్ళతో చూస్తాను. కిటికీ గది ఒక్కటి కడిగి పెట్టండి. నాలుగింటి లోపల వస్తాను, వెలుతురు ఉండగా."

ఇంట్లోళ్ళు పోనియ్యరు కద మేడం అన్న. అది నా సంగతి అన్నది. ఎర్ర గుర్తు నొక్కనీకి నాకు చేతకాలె. ఆమెనే నొక్కింది.

పోయి గది కడిగిన. రంజిత్ కొట్టు వదిలిపెట్టి వచ్చి బకెట్లు మోసిండు. ఏమైంది మామ అని అడగలె. కడుగుకుంట ఒక్కటే అన్నడు, ఆరేడు నెలల సంది బతిమాలుతె కానిది నువ్వు ఏం మాట్లాడి జేసినవ్ అని. ఏం మాట్లాడలె అన్న. వాడు నమ్మలె.

మేడం వచ్చింది. రెండు మాస్కులు, వాటి మీద అద్దం అసోంటి ప్లాస్టిక్కు. మబ్బు లేదు. బురద తెర తీసి పారేసిన గనుక జరిపే పని గూడ లేకుండె. ఉప్పలమ్మను కూసోబెట్టి, దూదితోని ముట్టింది, గోరుతోని గీరింది, మోచెయ్యి తడిమింది. ఎడమ మోచెయ్యి కాడ ఆగి నా దిక్కు చూసి, "మీ తాడు ఇదే" అన్నది. ఇంకేదో పరీక్షకు చర్మం నుంచి కొంచెం తీసింది. పొద్దున ఫోన్ల చెప్పిందే మళ్ళ చెప్పింది, ఈసారి అనుమానం అనే మాట తీసేసి.

మందు సర్కారు దవాఖానాలల్ల ఉత్తగనే ఇస్తరట. మా బస్తీల వద్దంటె మౌలాలి దిక్కు ఒక దవాఖానాల తనకు తెలిసిన డాక్టరు ఉన్నదని, ఆమెతోని అక్కడనే ఫోన్ల మాట్లాడింది. ఉప్పలమ్మ అన్నిటికి తలూపింది. లేచేటప్పుడు అడిగింది.

"నా చేతి రొట్టె తింటె అంటదా మేడం?"

"రొట్టె తింటే అంటదు. మందు మొదలుపెడితే మీ పక్కన ఏళ్ళ తరబడి పడుకున్న ఈయనకు కూడా అంటదు."

ఉప్పలమ్మ మొకంల ఇంక నమ్మకం రాలె. మేడం అది చూసింది.

"నేను చెబితే నమ్ముతారా, తింటే నమ్ముతారా?"

"తింటె నమ్ముత" అన్నది ఉప్పలమ్మ.

"అయితే రేపు పొద్దున రెండు రొట్టెలు పంపించండి. కారం ఎక్కువ వద్దు. కాని ఆ చెయ్యి పెనం దగ్గరికి రావొద్దు. తిప్పడానికి వేరే చెయ్యి చూసుకోండి."

బయట రంజిత్ నిలబడి ఉన్నడు. మేడం బండి ఎక్కే ముంగట వానికి చెప్పింది. రేపటి నుంచి పొద్దున ఒక గంట ఫోన్ల చూస్తదట. పేషెంటు పక్కన ఇంకో మనిషి లేకుంటె చూడదట. తడిమేటి మనిషి కావాలె, ఫోను పట్టేటి మనిషి కాదు అన్నది. నూనె, పౌడరు పూసుకొని కూసుంటె ఫోను పెట్టేస్తదట. ఫోన్ల తేలనిది కిటికీ కాడికి రావాలె. ఒక్క ట్యూబు గూడ తను చెప్పకుండ వాడు అమ్మొద్దు. వాడు అన్నిటికి సరే అన్నడు.

"మరి ఆ యాప్ కంపెనీ పిల్లలను పిలువనా మేడం?" అన్నడు.

"వాళ్ళ ఫోన్లో వాళ్ళ చెయ్యే ఏ రంగులో వస్తుందో ఇంకా తేలలేదు" అన్నది మేడం. నవ్వుకుంట బండి ఎక్కింది.

తెల్లారి ఉప్పలమ్మ నాకంటె ముందు లేసింది. పిండి తడిపింది. పెనం పెట్టి, నన్ను పెనం ముంగట కూసోబెట్టింది. తను దూరంగ పీట మీద కూసొని రొట్టె కొట్టి, కుడి చేత్తో నా చేతుల ఏసింది. పెనం మీద నేను ఏసిన. అట్లకాడ చేతుల పెట్టుకున్న. ఇది అట్టు అని ఆమె అంటదేమోనని చూసిన, అనలె.

మొదటిది మాడింది. ఉప్పలమ్మ చూసి, ఇది నువ్వు తిను అన్నది. రెండోది చిరిగింది. అదీ నువ్వే తిను అన్నది. మూడోదానికి, "అంచు లేచే దాక ఆగు. నీకు ఊకె కూసునుడు వచ్చు కద" అన్నది. ఆగిన. అంచు లేసింది. తిప్పిన. పొంగింది. నాలుగోది గూడ పొంగింది.

ఆ రెండూ గుడ్డల చుట్టి, జర ఎల్లిగడ్డ కారం పెట్టి ఇచ్చింది. తార్నాక బస్సెక్కిన. మేడం ఇంటి తలుపు తెరిసే ఉంది. లోపట బల్ల మీద ఫోను నిలబెట్టి ఉంది, దాంట్ల ఎవరిదో మెడ కనిపిస్తుంది. నూనె కడుక్కొని రండి, నేను ఆగుతాను అంటుంది మేడం వాళ్ళతోని. వాళ్ళు కడుక్కోనీకి పోయిన్రు. నేను మూట ఇచ్చిన. మేడం గుడ్డ ఇప్పి, రొట్టె తుంచి, కారం అద్దుకొని, నా ముంగటనే నోట్ల పెట్టుకున్నది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది.

"ఇవి తిప్పింది మీరేనా?" అన్నది.

అవునన్న.

ఫోన్ల వాళ్ళు వచ్చి కూసున్నరు. పక్కన ఎవరున్నారు, మీ వేళ్ళు ఒకసారి చూపించండి అని అడుగుతుంది మేడం, ఒక చేత్తో రొట్టె పట్టుకొనే. నేను ఖాళీ గుడ్డ మడత పెట్టుకొని, చెప్పులేసుకొని, బస్సు కాడికి నడిసిన. ఇంటికి పోయి ఉప్పలమ్మకు తిన్నదని చెప్పిన. సాయంత్రం కోసం అట్లకాడ తోమి పెట్టిన.